కడుపు అవయవాలకు వెళ్లే సింపథెటిక్ నాడులు: అవి వెళ్లే దారి, నొప్పి తిరిగివచ్చే దారి

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. కడుపు అవయవాలకు వెళ్లే స్ప్లాంక్నిక్ నాడులు సింపథెటిక్ గొలుసులోని గాంగ్లియాన్ల (నాడీకణాల ముద్దల) నుంచే బయలుదేరుతున్నట్లు పటంలో కనిపిస్తుండగా, వాటిని ప్రీగాంగ్లియానిక్ (గాంగ్లియాన్‌లో కలవడానికి ముందున్న) నాడులని ఎలా అంటారన్నది మొదటిది. అపెండిక్స్ పొత్తికడుపులో కుడివైపున ఉన్నప్పుడు, దానికి వాపు వస్తే నొప్పి బొడ్డు చుట్టూ ఎందుకు మొదలవుతుందన్నది రెండోది. ఒకటి అనాటమీకి, మరొకటి సర్జరీకి చెందినవనుకొని మీరు విడివిడిగా అడిగారు గానీ, మొదటిదానికి జవాబు సరిగ్గా అర్థమైతే రెండోదానికి సగం జవాబు అందులోనే దొరుకుతుంది. చాలా ఏళ్లుగా మొదటి సంవత్సరం వైద్య విద్యార్థులకు పాఠం చెబుతున్న అనుభవంతో ఒక మాట చెప్పగలను: ఈ అంశాన్ని పట్టికగా కంఠస్థం చేసినవారు పరీక్ష గట్టెక్కుతారు, తర్వాత మరిచిపోతారు, దీన్ని ఒక దారిగా ఊహించుకున్నవారికి మాత్రం రోగి పక్కన నిలబడ్డప్పుడు కూడా గుర్తుంటుంది. అందుకని నేను దారిగానే చెబుతాను.

మన ప్రమేయం లేకుండా లోపలి అవయవాలను నడిపే నాడుల్లో ఒక భాగాన్ని తెలుగు పాఠ్యపుస్తకాల్లో సహానుభూత నాడీవ్యవస్థ అని రాస్తారు; దాన్నే కళాశాలల్లో, ఆసుపత్రుల్లో సింపథెటిక్ అంటున్నాం కనుక నేను కూడా ఆ మాటే వాడతాను. ఈ వ్యవస్థ వెన్నుపాము మొత్తం నుంచి పుట్టదు. ఛాతీ మొదటి ఖండమైన టి1 నుంచి నడుము రెండో ఖండమైన ఎల్2 దాకా మాత్రమే, వెన్నుపాములోని బూడిదరంగు పదార్థానికి పక్కగా పొడుచుకువచ్చిన చిన్న కొమ్ములో, దీని మొదటి నాడీకణాలు ఉంటాయి. ఆ కణం నుంచి బయలుదేరిన తంతువు వెన్నునాడి ముందు మూలం గుండా బయటికి వచ్చి, వెన్నునాడిలో కొద్ది దూరం నడిచి, తెల్ల కొమ్మ అనే చిన్న వంతెన మీదుగా వెన్నుపూసల పక్కన నిలువుగా ఉండే సింపథెటిక్ గొలుసును చేరుతుంది. ఈ తంతువులకు మైలిన్ తొడుగు ఉంటుంది కనుక ఆ కొమ్మ తెల్లగా కనిపిస్తుంది. తెల్ల కొమ్మలు టి1 నుంచి ఎల్2 వరకే ఉంటాయి. గొలుసు నుంచి తిరిగి వెన్నునాడుల్లోకి వెళ్లే బూడిద కొమ్మలు మాత్రం 31 జతల వెన్నునాడులన్నిటికీ ఉంటాయి. ఈ తేడాను మనసులో పెట్టుకోండి, ఎందుకంటే నొప్పి గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ తెల్ల కొమ్మ దగ్గరికే రావలసి ఉంటుంది.

గొలుసులోకి వచ్చిన తంతువుకు కొన్ని మార్గాలున్నాయి. అదే మట్టంలోని గాంగ్లియాన్‌లో రెండో నాడీకణంతో సైనాప్స్ చేయవచ్చు, అంటే తన సంకేతాన్ని దానికి అందించే కలయిక ఏర్పరచుకోవచ్చు. గొలుసు వెంబడి పైకో కిందికో కొంత దూరం వెళ్లి మరో గాంగ్లియాన్‌లో సైనాప్స్ చేయవచ్చు. చర్మానికి, చెమట గ్రంథులకు, తలకు, గుండెకు వెళ్లేవి ఈ రెండు మార్గాల్లో ఒకదాన్ని పట్టుకుంటాయి. కడుపు అవయవాలకు వెళ్లే తంతువులు మాత్రం గొలుసులోని గాంగ్లియాన్‌ను చీల్చుకుంటూ పోతాయే తప్ప అక్కడ ఎవరితోనూ కలవవు. పెద్ద జంక్షన్ గుండా ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ బండిని తలుచుకోండి. ఆ బండి ఆ స్టేషన్ పట్టాల మీదుగానే వెళ్లింది గానీ అక్కడ ఎవరూ ఎక్కలేదు, దిగలేదు. స్ప్లాంక్నిక్ నాడి గొలుసు నుంచి పుట్టినట్లు పటంలో కనిపించడానికి కారణం ఇదే. కంటికి కనిపించే కొమ్మ గొలుసు దగ్గర విడిపోతోంది. దాని లోపలి తంతువు మాత్రం వెన్నుపాములో మొదలైనదే, ఇంకా సైనాప్స్ చేయనిదే. అందుకే అది ప్రీగాంగ్లియానిక్. స్ప్లాంక్నిక్ అన్న మాట కూడా అంతరావయవాలు అనే అర్థమున్న గ్రీకు పదం నుంచి వచ్చినదే.

ఇలా ఎందుకు జరిగిందన్నది పిండం ఎదుగుదలలో కనిపిస్తుంది. సింపథెటిక్ వ్యవస్థలోని రెండో నాడీకణాలన్నీ న్యూరల్ క్రెస్ట్ (పిండంలో వెన్నుపాము అంచున పుట్టే కణాల పట్టీ) నుంచి వలస వచ్చినవే. వాటిలో కొన్ని వెన్నెముక పక్కన ఆగి గొలుసుగా ఏర్పడ్డాయి. కొన్ని ఇంకా ముందుకు నడిచి బృహద్ధమని ముందుభాగంలో, పేగులకు రక్తం ఇచ్చే పెద్ద కొమ్మలు మొదలయ్యే చోట గుంపులుగా స్థిరపడ్డాయి. మరికొన్ని మూత్రపిండం పైన ఉండే అధివృక్క గ్రంథి మధ్యభాగంలోకి చేరాయి. వెన్నుపాము నుంచి వచ్చే తంతువు తన జోడు ఎక్కడుంటే అక్కడిదాకా పోవలసిందే. జోడు దూరంగా ఉంది కనుక కడుపుకు వెళ్లే మొదటి తంతువు పొడవైంది.

గాంగ్లియాన్‌లో సైనాప్స్ ఉందో లేదో తేల్చే పద్ధతి కూడా తెలుసుకోదగినది. 1889లో కేంబ్రిడ్జ్‌లో లాంగ్లీ, డికిన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గాంగ్లియాన్ మీద నికోటిన్ ద్రావణం పూసి, దానికి వచ్చే నాడిని విద్యుత్తుతో ప్రేరేపించి చూశారు. నికోటిన్ సైనాప్స్‌ను స్తంభింపజేస్తుంది గానీ ఆగకుండా దాటిపోయే తంతువును ఏమీ చేయదు. పూసిన తర్వాత ఫలితం ఆగిపోతే సైనాప్స్ అక్కడే ఉన్నట్లు. ఆగకపోతే తంతువు అక్కడ కేవలం దాటిపోతున్నట్లు. కంటితో చూసి తేల్చలేని విషయాన్ని ఇంత సులువైన పరీక్షతో తేల్చారు. స్వయంచాలిత నాడీవ్యవస్థకు ఇంగ్లీషులో ఇప్పుడు వాడుతున్న అటానమిక్ అనే పేరు 1898లో ఇచ్చినది కూడా ఆ లాంగ్లీయే.

ఇక నాడుల దారి. గ్రేటర్ స్ప్లాంక్నిక్ నాడికి టి5 నుంచి టి9 వరకు ఉన్న ఖండాల నుంచి వేర్లు వస్తాయి. అవి ఛాతీ వెనుక భాగంలో వెన్నుపూసల పక్కల మీదుగా ఏటవాలుగా కిందికి, ముందుకు జారుతూ ఒకే నాడిగా కలిసి, ఛాతీని, కడుపును వేరుచేసే డయాఫ్రం అనే కండరానికి ఉన్న క్రస్ అనే కాలును చీల్చుకుని కడుపులోకి దిగి, సీలియాక్ గాంగ్లియాన్‌లో చేరతాయి. లెసర్ స్ప్లాంక్నిక్ నాడి టి10, టి11 నుంచి వచ్చి అయోర్టికోరీనల్ గాంగ్లియాన్‌కు చేరుతుంది. లీస్ట్ స్ప్లాంక్నిక్ టి12 నుంచి మూత్రపిండం చుట్టూ ఉన్న నాడీవలకు వెళ్తుంది. కొందరిలో అది ఉండనే ఉండదు. ఈ అంకెలు మనిషి మనిషికీ ఒక ఖండం అటూ ఇటూ అవుతాయి కనుక, శవంలో మీకు టి6 నుంచి మొదలైన నాడి కనిపిస్తే పుస్తకం తప్పనో, మీ డిసెక్షన్ తప్పనో అనుకోవద్దు. ఈ నాడులు డయాఫ్రం కాలును చీల్చుకుని దిగితే, సింపథెటిక్ గొలుసు మాత్రం సోయాస్ కండరం మీద కమానులా ఉండే మీడియల్ ఆర్కుయేట్ లిగమెంట్ వెనుక నుంచి కడుపులోకి వస్తుంది. మౌఖిక పరీక్షలో ఈ రెంటినీ కలిపేసేవారిని ఎందరినో చూశాను. నడుము భాగపు గొలుసు నుంచి లంబార్ స్ప్లాంక్నిక్ నాడులు బయలుదేరి, పెద్దపేగు చివరి భాగానికి, కటి అవయవాలకు వెళ్లే నాడీవలల్లో కలుస్తాయి.

సీలియాక్ గాంగ్లియాన్లు రెండూ సుమారు టి12, ఎల్1 వెన్నుపూసల మట్టంలో, సీలియాక్ ధమని మొదలయ్యే చోటుకు ఇరుపక్కలా డయాఫ్రం కాళ్ల ముందు కూర్చుని ఉంటాయి. కుడివైపుది ఇన్ఫీరియర్ వీనా కేవా అనే పెద్ద సిర వెనుక దాగి ఉంటుంది. గుండ్రని ముద్దలుగా ఊహించుకుంటే మీరు వాటిని గుర్తుపట్టలేరు. అవి చదునుగా, గరుకుగా, అంచులు చీలికలైనట్లుగా ఉంటాయి. వాటి చుట్టూ ఉన్న నాడీవల కిరణాల్లా నలువైపులా పరుచుకుంటుంది కనుక దానికి సోలార్ ప్లెక్సస్ అనే పాత పేరు నిలిచిపోయింది. సుపీరియర్ మెసెంటెరిక్ ధమని మొదట్లో అదే పేరుగల గాంగ్లియాన్ ఉంటుంది. ఇన్ఫీరియర్ మెసెంటెరిక్ ధమని దగ్గర మాత్రం మనిషిలో ఒకే ముద్దగా కాక నాడీకణాలు చెల్లాచెదురుగా ఉండటమే ఎక్కువ.

సైనాప్స్ తర్వాత రెండో తంతువు ఏ దారి పట్టిందో గుర్తుపెట్టుకోవడానికి వేరే పట్టిక అక్కరలేదు. అది ధమనిని అల్లుకుని ధమనితో పాటే వెళ్తుంది. సీలియాక్ ధమని రక్తమిచ్చే జీర్ణాశయానికి, కాలేయానికి, పిత్తాశయానికి, ప్లీహానికి, క్లోమంలో చాలా భాగానికి సీలియాక్ వల నుంచి తంతువులు అందుతాయి. సుపీరియర్ మెసెంటెరిక్ ధమని చేరే చిన్నపేగుకు, అపెండిక్స్‌కు, అడ్డ పెద్దపేగులో మూడింట రెండు వంతుల దాకా ఆ ధమని చుట్టూ ఉన్న వల నుంచి వస్తాయి. మిగిలిన పెద్దపేగుకు ఇన్ఫీరియర్ మెసెంటెరిక్ ధమని వెంట వెళ్తాయి. ధమనుల పాఠం వచ్చినవారికి ఈ పాఠం సగం వచ్చినట్లే.

గాంగ్లియాన్‌లో సైనాప్స్ చేసి రెండో తంతువును పంపే నియమానికి అధివృక్క గ్రంథి ఒక్కటే లోబడదు. గ్రేటర్ స్ప్లాంక్నిక్‌లోని కొన్ని తంతువులు సీలియాక్ గాంగ్లియాన్‌ను కూడా ఆగకుండా దాటి, ఆ గ్రంథి మధ్యభాగంలోని క్రోమాఫిన్ కణాల మీద నేరుగా వాలతాయి. న్యూరల్ క్రెస్ట్ నుంచి అక్కడికి వలస వెళ్లిన కణాలని ముందు చెప్పానే, అవే ఇవి. తంతువు పెంచుకోని రెండో నాడీకణాలివి. తంతువు లేదు కనుక తమ సందేశాన్ని రక్తంలోకే వదులుతాయి. అందులో సుమారు 80 శాతం అడ్రినలిన్, మిగిలినది ప్రధానంగా నారడ్రినలిన్.

ఈ నాడులు చేసే పనుల్లో మొదట తెలిసినది పేగును నెమ్మదింపజేయడం. 1857లో జర్మనీ శరీరధర్మ శాస్త్రవేత్త ఫ్లూగర్, స్ప్లాంక్నిక్ నాడిని ప్రేరేపిస్తే పేగు కదలిక ఆగిపోతుందని చూపాడు. అయితే ఈ తంతువుల్లో ఎక్కువ భాగం పేగు కండరాన్ని నేరుగా తాకవు. పేగు గోడలో ఉన్న సొంత నాడీవలలోని కణాల మీద పనిచేసి, కండరాన్ని కదిలించే ఎసిటైల్‌కోలిన్ విడుదలను తగ్గిస్తాయి. స్ఫింక్టర్లను (దారిని మూసే వలయ కండరాలను), రక్తనాళాలను మాత్రం నేరుగా బిగిస్తాయి. కడుపు ఆపరేషన్ అయిన మర్నాడు సర్జన్ రౌండ్లకు వచ్చి గ్యాస్ పోయిందా అని అడగడం మీరు చూసే ఉంటారు. ఆపరేషన్ తర్వాత పేగు నిద్రపోతుంది; పేగును తాకి కదిపినందుకు ఈ నాడుల ద్వారా ప్రతిస్పందన పెరగడం దానికి ఉన్న కారణాల్లో ఒకటి.

పేగు కదలిక కన్నా రక్తనాళాల మీద వీటి ప్రభావం ప్రాణానికి దగ్గరిదని నా అభిప్రాయం. విశ్రాంతిలో గుండె పంపే రక్తంలో సుమారు నాలుగో వంతు ఈ అవయవాలకే వెళ్తుంది. అవసరమైనప్పుడు ఈ నాడులు అక్కడి సిరలను బిగించి రక్తాన్ని గుండెవైపు తరలిస్తాయి. రక్తపోటుకు మంచి మందులు లేని రోజుల్లో, అమెరికాలో స్మిత్‌విక్ అనే సర్జన్ స్ప్లాంక్నిక్ నాడులను, వాటితో పాటు గొలుసులో కొంత భాగాన్ని కోసి తీసేసే ఆపరేషన్ చేసేవాడు. వెయ్యికి మించిన రోగుల్లో దాని ఫలితాలను 1953లో ప్రచురించాడు. కొందరిలో రక్తపోటు నిజంగానే తగ్గింది, కానీ లేచి నిలబడగానే కళ్లు తిరిగేవి. మందులు వచ్చాక ఆ ఆపరేషన్ వాడుక తప్పింది.

ఇదే నిర్మాణం తలకిందులుగా కనిపించే సందర్భం వెన్నుపాము దెబ్బతిన్న రోగుల్లో వస్తుంది. దెబ్బ టి6 దగ్గర గానీ, దానికి పైన గానీ తగిలితే, మెదడు అదుపు తెగిపోయిన కింది ఖండాల్లోనే స్ప్లాంక్నిక్ వేర్లలో దాదాపు అన్నీ మిగిలిపోతాయి. మూత్రసంచి నిండినప్పుడో, క్యాథెటర్ మూసుకుపోయినప్పుడో, మలం గట్టిపడి నిలిచినప్పుడో కింది నుంచి వచ్చే సంకేతం ఆ ఖండాలను రెచ్చగొడుతుంది. కడుపులోని రక్తనాళాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతుంది. తలనొప్పి, దెబ్బకు పైభాగంలో చెమటలు వస్తాయి, గుండె కొట్టుకునే వేగం తరచు తగ్గుతుంది. అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అనే ఈ స్థితిలో రోగిని వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులుచేసి, క్యాథెటర్ గొట్టం మెలితిరిగిందేమో చూడాలి. ఇలాంటి రోగిని ఇంటి దగ్గర చూసుకునే కుటుంబసభ్యులకు ఈ విషయం తప్పకుండా చెప్పాలని నా విద్యార్థులను ప్రతి ఏడూ కోరతాను, ఎందుకంటే ఆ క్షణంలో పక్కన ఉండేది వాళ్లే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఇంతదాకా చెప్పినది వెన్నుపాము నుంచి అవయవానికి వెళ్లే దారి. ఇదే దారిలో ఎదురుగా తిరిగివచ్చే తంతువులు కూడా ఉన్నాయి. కడుపు అవయవాల నొప్పిని మోసే తంతువులు ధమనుల చుట్టూ ఉన్న వల గుండా, సీలియాక్ వంటి గాంగ్లియాన్ల గుండా, స్ప్లాంక్నిక్ నాడుల గుండా, గొలుసు గుండా ఎక్కడా సైనాప్స్ చేయకుండా వెనక్కి వచ్చి, తెల్ల కొమ్మ మీదుగా వెన్నునాడిలో ప్రవేశించి వెన్నుపామును చేరతాయి. వాటి కణదేహాలు చర్మపు స్పర్శను మోసే తంతువుల కణదేహాల పక్కనే, వెనుక మూలంలోని గాంగ్లియాన్‌లో ఉంటాయి. కచ్చితంగా మాట్లాడితే ఇవి సింపథెటిక్ తంతువులు కావు, సింపథెటిక్ దారిని వాడుకునే జ్ఞాన తంతువులు. పాఠ్యపుస్తకాలు ఈ తిరుగుదారికి చాలా తక్కువ చోటు ఇస్తాయన్నది నాకు ఎప్పటినుంచో ఉన్న అసంతృప్తి, ఎందుకంటే రోగి మన దగ్గరికి వచ్చేది ఈ తిరుగుదారిలో వచ్చిన కబురుతోనే.

అవయవానికి ఏ ఖండాల నుంచి సింపథెటిక్ తంతువులు వెళ్లాయో, నొప్పి తిరిగి సుమారుగా ఆ ఖండాలకే వస్తుంది. వెన్నుపాములో ఆ ఖండంలోని నాడీకణాల మీద చర్మం నుంచి వచ్చే తంతువులు కూడా వాలతాయి. మెదడుకు జీవితమంతా అలవాటైనది చర్మం నుంచి వచ్చే సంకేతమే కనుక, అదే కణం నుంచి కబురు వచ్చినప్పుడు అది నొప్పిని ఆ ఖండానికి చెందిన చర్మం దగ్గర ఊహించుకుంటుంది. అందువల్ల టి5 నుంచి టి9 దాకా చేరే జీర్ణాశయం, పిత్తాశయం, క్లోమాల నొప్పి రొమ్ము ఎముక కింద, పై కడుపులో తెలుస్తుంది. టి10 దగ్గరికి వచ్చే చిన్నపేగు, అపెండిక్స్‌ల నొప్పి బొడ్డు దగ్గర తెలుస్తుంది, ఎందుకంటే బొడ్డు చర్మానికి వచ్చే నాడి కూడా టి10యే. పెద్దపేగు చివరి భాగపు నొప్పి బొడ్డు కింద, పొత్తికడుపు మధ్యలో తెలుస్తుంది. పేగు పిండంలో మధ్యగీత మీద పెరిగి, రెండు వైపుల నుంచీ నాడులు తీసుకున్నది కనుక ఆ తొలి నొప్పి కుడికీ ఎడమకూ మొగ్గదు.

అపెండిక్స్ నోరు మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరిగినప్పుడు దాని గోడ సాగుతుంది. పేగుకు నొప్పి పుట్టించేవి ముఖ్యంగా సాగడం, రక్తం అందకపోవడం, వాపు. కోస్తే నొప్పి తెలియదు. కొలనోస్కోపీలో చిన్న ముక్క తీసినప్పుడు నొప్పి లేకుండా, గాలి ఊదినప్పుడు మెలిపెట్టినట్లు నొప్పి రావడం అందుకే. ఈ దశలో రోగి అరచేయంతా బొడ్డు మీద పరిచి, కడుపంతా తిప్పేస్తోంది, వాంతి వచ్చేలా ఉంది అంటాడు. కొన్ని గంటల తర్వాత వాపు అపెండిక్స్ బయటి పొర దాటి కడుపు గోడ లోపలి పెరిటోనియమ్‌ను తాకుతుంది. ఆ పొరకు నాడులు స్ప్లాంక్నిక్ దారిలో కాక, అక్కడి కండరానికి, చర్మానికి వచ్చే మామూలు వెన్నునాడుల నుంచే వస్తాయి. ఇప్పుడు అదే రోగి ఒక వేలితో, ఇదిగో ఇక్కడ అని కుడి పొత్తికడుపును చూపుతాడు. దగ్గినా, మంచం కదిలినా నొప్పి పెరుగుతుంది కనుక కదలకుండా పడుకుంటాడు. న్యూయార్క్ సర్జన్ మెక్‌బర్నీ 1889లో వర్ణించిన బిందువు ఈ రెండో దశది. నొప్పి చోటు మారిందని రోగి అంటాడు గానీ, నిజానికి ఒక నాడీమార్గం చెప్పిన కబురుకు మరో నాడీమార్గం చెప్పిన కబురు తోడైంది. అపెండిక్స్ సీకమ్ (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి) వెనుకనో, కటిలోనో దాగి ఉంటే ముందు గోడ పెరిటోనియమ్ తాకదు, ఆ రెండో దశ స్పష్టంగా కనిపించదు. అలాంటప్పుడు బొడ్డు నొప్పి కథను శ్రద్ధగా వినడమే మిగిలిన ఆధారం.

పిత్తాశయం వాపులో కుడి భుజం కొన నొప్పి గురించి మీరు చదివే ఉంటారు. అది స్ప్లాంక్నిక్ దారి కాదు; డయాఫ్రం కింది పొర రాపిడిని, డయాఫ్రంకు వెళ్లే ఫ్రెనిక్ నాడి మెడలోని సి3, సి4, సి5 ఖండాలకు చేర్చడం వల్ల వచ్చినది. వృషణం నొప్పి బొడ్డు చుట్టూ, పొత్తికడుపులో తెలియడం మాత్రం ఈ పాఠంలోనిదే, ఎందుకంటే వృషణం పిండంలో పై నడుము దగ్గర పుట్టి తన నాడులను, ధమనిని వెంటబెట్టుకుని కిందికి దిగింది. కడుపునొప్పి అంటూ వచ్చిన కుర్రవాడికి వృషణాల పరీక్ష చేయడం ఎన్నడూ మరవవద్దు.

ఈ తిరుగుదారి తెలిసినందువల్లనే క్లోమం క్యాన్సర్‌తో బాధపడేవారికి కొంత ఉపశమనం ఇవ్వగలుగుతున్నాం. సీలియాక్ వల దగ్గరికి వెనుక నుంచి సూది పంపి మత్తుమందు ఇచ్చే పద్ధతిని 1914లో జర్మనీకి చెందిన కాపిస్ మొదలుపెట్టాడు. ఇప్పుడు స్కానింగ్ లేదా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చూస్తూ, నాడులను నశింపజేసే ఆల్కహాల్ ఇస్తున్నారు. తర్వాత కొన్ని రోజులు విరేచనాలు కావడం, లేచినప్పుడు రక్తపోటు పడిపోవడం సాధారణం. నొప్పి తంతువులతో పాటు పేగును నెమ్మదింపజేసే, రక్తనాళాలను బిగించే తంతువులు కూడా అదే వలలో ఉన్నాయి కనుక అవి కూడా పోతాయి. చాలా అరుదుగా, వెన్నుపాముకు రక్తమిచ్చే ధమని దెబ్బతిని కాళ్లు చచ్చుబడే ప్రమాదం కూడా ఉంది. దీన్ని రోగికి ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఈ చికిత్స గడ్డను తగ్గించదు, నొప్పిని మాత్రమే తగ్గిస్తుంది.

పేర్ల విషయంలో ఒక హెచ్చరిక ఉంది. పెల్విక్ స్ప్లాంక్నిక్ నాడులు పేరుకు ఇదే కుటుంబంలా కనిపించినా సింపథెటిక్ కావు; వెన్నుపాము కింది కొసన ఉన్న త్రిక ఖండాలు ఎస్2 నుంచి ఎస్4 వరకు పుట్టే పారాసింపథెటిక్ నాడులు, అంటే ఎక్కువగా సింపథెటిక్‌కు ఎదురుగా పనిచేసే జోడు వ్యవస్థవి. సిగ్మాయిడ్ పెద్దపేగు మధ్యభాగానికి దిగువన, పురీషనాళం నొప్పి వీటి వెంటే వెన్నుపాము కింది ఖండాలకు వెళ్తుంది.

వచ్చే వారం మీ బృందం ఛాతీ డిసెక్షన్‌లో ఊపిరితిత్తులు తీసిన తర్వాత, వెనుక గోడ మీది ప్లూరా అనే పలుచని పొరను జాగ్రత్తగా ఒలవండి. పక్కటెముకల తలల మీదుగా నిలువుగా సింపథెటిక్ గొలుసు, దాని నుంచి ఏటవాలుగా ముందుకు జారుతున్న తెల్లటి గ్రేటర్ స్ప్లాంక్నిక్ నాడి కనిపిస్తాయి. ఫోర్సెప్స్‌తో లాగకుండా, వేలితో దాని వెంబడే డయాఫ్రం దాకా వెళ్లండి. కడుపు తెరిచిన రోజు అదే నాడిని డయాఫ్రం అవతల మళ్లీ పట్టుకుని, సీలియాక్ ధమని పక్కన గరుకైన ముద్ద వేలికి తగిలే చోట ఆగండి. సైనాప్స్ ఉన్నది అక్కడ.